కుక్కపిల్లకు తొలి పాఠాలు: దండన లేని క్లిక్కర్ శిక్షణ

పల్లెలో ఇంటికుక్కకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే అలవాటు అరుదు. ఆ అవసరమూ అంతగా కలిగేది కాదు. వాకిలి, పశువుల కొట్టం, కళ్లం, చేనుగట్టు అన్నీ దాని సంచారస్థలాలే. మలమూత్రాలకు దానికి ఒకరు చోటు చూపనక్కరలేదు. కొత్తవారిని చూసి మొరిగితే అది దాని విధి నిర్వహణగానే లెక్కకు వచ్చేది. అటువంటి కుక్కపిల్లే నగరంలో నాలుగో అంతస్తులోని రెండు గదుల ఇంటికి చేరినప్పుడు పరిస్థితి పూర్తిగా మారుతుంది. గోడకు అవతల మరొక కుటుంబం, లిఫ్టులో వృద్ధులు, మెట్ల మీద పసిపిల్లలు, రోజుకు పదిసార్లు మోగే కాలింగ్ బెల్. పల్లెలో సుగుణమైన మొరుగుడు ఇక్కడ ఫిర్యాదుకు కారణమవుతుంది.

ఫిర్యాదులు పెరిగిన ఇంట్లో ముద్దుగా తెచ్చుకున్న కూన ఏడాది తిరగకుండానే బాల్కనీలో గొలుసుకు చేరుతుంది. కొన్ని ఇళ్లలో అది చివరకు వీధిపాలవుతుంది. ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో తిండి వెదుక్కోలేదు. అక్కడి కుక్కల గుంపు దానిని చేరనీయదు. ఈ దుర్గతికి మూలం కూన దుర్గుణం కాదు. ఏది తగిన పనో దానికి అర్థమయ్యే తీరులో ఎవరూ తెలుపకపోవడమే అసలు కారణం. అలా తెలిపే సులభమైన పద్ధతులలో క్లిక్కర్ శిక్షణ ఒకటి. కొట్టకుండా, కసరకుండా, సరియైన పనిని గుర్తించి బహుమానమిచ్చి నేర్పడం దీని సారం.

క్లిక్కర్ అంటే ఏమిటి?

అరచేతిలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పలుచని ఉక్కురేకు అమర్చి ఉంటుంది. మీట నొక్కితే ‘టిక్’ అనే పొడి శబ్దం వస్తుంది. పెంపుడు జంతువుల సామగ్రి అమ్మే దుకాణాలలో ఇది తక్కువ ధరకే దొరుకుతుంది. దొరకనిచోట నొక్కే బాల్‌పెన్ను చాలు. ‘భేష్’ వంటి ఒకే పొట్టి మాటను కూడా అదే పనికి వాడవచ్చు; అయితే ఆ మాటను ఇతర సందర్భాలలో వాడరాదు.

ఈ శబ్దం ఆజ్ఞ కాదు, పిలుపు కాదు. ‘ఇప్పుడు, ఈ క్షణంలో చేసిన పని సరియైనది, తినుబండారం వస్తున్నది’ అనే కబురు మాత్రమే. దీని ప్రయోజనమంతా కాలనియమంలో ఉంది. కుక్కపిల్ల కూర్చున్నది. యజమాని సంతోషించి వంటగదిలోకి వెళ్లి బిస్కెట్టు తెచ్చేసరికి అది లేచి చెప్పు కొరుకుతూ ఉంటుంది. అప్పుడు బిస్కెట్టు ఇస్తే దానికి అందే పాఠం చెప్పు కొరకమనే. పిరుదులు నేలకు తాకిన క్షణంలోనే ‘టిక్’ వినిపిస్తే, తిండి రెండు మూడు క్షణాలు ఆలస్యమైనా ఏ పనికి మెప్పు దక్కిందో కూనకు స్పష్టంగా తెలుస్తుంది.

ఈ పద్ధతి పుట్టిన విధం

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి దీని వెనుక ఉన్న పేర్లు పరిచితమే. 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్, తిండికి ముందు పదేపదే వినిపించిన శబ్దానికే కుక్క నోట లాలాజలం ఊరుతుందని చూపాడు. అర్థంలేని శబ్దానికి అర్థం కలిగేది ఇలాగే. అమెరికాకు చెందిన థార్న్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగాలలో, మంచి ఫలితమిచ్చిన పనిని ప్రాణి మళ్లీమళ్లీ చేస్తుందని గమనించాడు. దానిని స్కిన్నర్ మరింత విస్తరించాడు. చేసిన పనికి వెంటనే ఇష్టమైనది దక్కి, ఆ కారణంగా ఆ పని పెరిగితే దానిని ధనాత్మక పునర్బలనం అంటారు. 1951లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో జంతువులకు నేర్పే విధానాన్ని వివరిస్తూ, చిటికెలా శబ్దం చేసే పిల్లల ఆటబొమ్మను సంకేతంగా వాడవచ్చునని ఆయన సూచించాడు. ఆయన శిష్యులు కెల్లర్ బ్రెలండ్, మేరియన్ బ్రెలండ్ దంపతులు అప్పటికే ఈ సూత్రాలతో అనేక రకాల జంతువులకు శిక్షణ ఇస్తున్నారు.

ఈ పద్ధతిని సామాన్య ప్రజలకు చేర్చినవారిలో కరెన్ ప్రయర్ ముఖ్యురాలు. 1960లలో ఆమె హవాయి దీవులలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చింది. డాల్ఫిన్ మెడకు పట్టీ వేయలేరు, కర్రతో అదలించలేరు. నచ్చకపోతే అది ఈదుకుంటూ దూరంగా పోతుంది. అందుచేత ఈల ఊది, చేప ఇచ్చి నేర్పడమే మార్గమైంది. బలప్రయోగం సాధ్యంకాని చోట ఫలించిన ఆ విధానాన్నే 1990లలో కుక్కలను పెంచేవారు విరివిగా స్వీకరించారు. ఈలకు బదులు క్లిక్కర్, చేపకు బదులు తినుబండారం వచ్చాయి.

ఏ తిండి ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి?

బహుమానపు ముక్క శనగగింజకు మించరాదు. ఉప్పూకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు తునకలు చాలా కూనలకు ప్రీతికరం. శాకాహారుల ఇళ్లలో పనీరు, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ ముక్కలు సరిపోతాయి. రోజూ పెట్టే తిండిలోంచే కొంత తీసి బహుమానంగా వాడడం మరింత మేలు. అదనంగా ఇచ్చే తినుబండారాలు రోజువారీ ఆహారంలో పదోవంతు మించకుండా చూడాలి.

ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హానికరం. పాయసంలోని కిస్మిస్, పప్పుచారులోని ఉల్లి కూడా ఈ జాబితాలోనివే. చక్కెరకు బదులు జైలిటాల్ కలిపిన మిఠాయిలు, చూయింగ్ గమ్ములు ప్రాణాపాయం కలిగిస్తాయి. పండుగ రోజున అతిథులు ప్రేమతో కూన నోటికి అందించే పదార్థాల విషయంలో ఇంటివారు ముందే జాగ్రత్త చెప్పి ఉంచాలి.

తొలి పాఠం: శబ్దానికి అర్థం కల్పించడం

టీవీ కట్టివేసిన నిశ్శబ్దమైన గదిలో, కూన కొద్దిగా ఆకలితో ఉన్న వేళ మొదలుపెట్టాలి. ఒకసారి ‘టిక్’ అనిపించి వెంటనే ఒక ముక్క ఇవ్వాలి. కూన ఏ పనీ చేయనక్కరలేదు. ఇలా పది పదిహేనుసార్లు చేసి ఆపాలి. ఒకటి రెండు రోజులు రెండేసిసార్లు చేసిన తరువాత, కూన మరోవైపు చూస్తున్నప్పుడు ‘టిక్’ అనిపించి చూడాలి. అది చటుక్కున తల తిప్పి తిండి కోసం చూస్తే శబ్దానికి అర్థం కుదిరినట్లే.

ఇక్కడి నుంచి మూడు నియమాలు తప్పకూడదు. ఒక పనికి ఒకే ‘టిక్’. సంతోషం ఎక్కువైనదని మూడుసార్లు నొక్కరాదు. ‘టిక్’ వినిపించిన ప్రతిసారీ తిండి ఇవ్వాలి. పొరపాటున నొక్కినా సరే, ఇచ్చిన మాట నిలుపుకోవాలి. కూన చెవి దగ్గర నొక్కరాదు. శబ్దానికి బెదిరే కూన అయితే క్లిక్కర్‌ను చేతిరుమాలులో చుట్టి వాడాలి. పిల్లలు దానిని ఆటవస్తువుగా మోగించకుండా అందని చోట భద్రపరచాలి.

రెండో పాఠం: కూర్చోవడం

తిండి ముక్కను కూన ముక్కు ముందు పట్టి, మెల్లగా తల మీదుగా వెనుకకు జరపాలి. తల పైకి లేచినకొద్దీ పిరుదులు కిందికి దిగుతాయి. అవి నేలకు తాకగానే ‘టిక్’, ఆపై తిండి. నడుము పట్టి నొక్కి కూర్చోబెట్టకూడదు. అలా చేస్తే కూన తాను చేసిన పనిగా దానిని గ్రహించదు. నాలుగైదుసార్ల తరువాత చేతిలో తిండి లేకుండా అదే సైగ చేయాలి. కూర్చోగానే ‘టిక్’, మరో చేతి నుంచి తిండి. ఇలా చేయకపోతే తిండి కనబడితేనే కూర్చునే అలవాటు పడుతుంది.

మాటను మొదట చెప్పడం సర్వసాధారణమైన పొరపాటు. పని తెలియని కూనకు ‘కూర్చో’ అని ఇరవైసార్లు చెబితే అది ఫ్యాను చప్పుడు వంటి మరొక శబ్దమవుతుంది. సైగకు కూన తప్పక కూర్చుంటున్నదని నమ్మకం కలిగాక, సైగకు ముందు ఒక్కసారి మాట చెప్పాలి. కొద్ది రోజులకు మాట ఒక్కటే చాలుతుంది.

ఒక్కొక్క పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలకు మించరాదు. రోజుకు రెండు మూడు పాఠాలు చాలు. కూన ఆవులించడం, ముఖం తిప్పుకోవడం, నేల వాసన చూస్తూ తిరగడం అలసటకు గుర్తులు. సులభమైన పని ఒకటి చేయించి, మెచ్చుకొని, ఆ పూటకు ముగించాలి.

మూడో పాఠం: బెల్ మోగితే చాప మీదికి

అపార్టుమెంటు జీవితానికి ఇంతకంటే ఉపయోగకరమైన పాఠం లేదు. గుమ్మానికి దూరంగా ఒక చాప గానీ పాత దుప్పటి గానీ పరచాలి. కూన దానివైపు చూస్తే ‘టిక్’, తిండి. తరువాత ఒక అడుగు వేస్తేనే ‘టిక్’. ఆపై ముందుకాళ్లు దానిపై పెడితే, తరువాత నాలుగు కాళ్లూ పెడితే, చివరకు దానిపై పడుకుంటే. ఇలా మెట్టుమెట్టుగా పనిని రూపొందించాలి. ఒక మెట్టు దగ్గర కూన రెండు మూడుసార్లు తప్పితే వెనుకటి మెట్టుకు రావాలి. కూనకు పాఠం కఠినమైనదని దాని అర్థం.

చాప అలవాటయ్యాక ఇంట్లో ఒకరు బయటికి వెళ్లి బెల్ నొక్కాలి. మోగగానే కూనను చాప వైపు నడిపించి, చేరగానే ‘టిక్’ అనిపించాలి. రోజూ పదిసార్లు ఇలా చేస్తే, బెల్ శబ్దమే చాప మీదికి వెళ్లే సంకేతమవుతుంది. మొరుగుతూ గుమ్మం మీదికి దూకిన కుక్కే, వచ్చినవారు పార్సెల్ ఇచ్చి వెళ్లేవరకు చాప మీద నిలకడగా ఉంటుంది. మొరగవద్దని అరవడం కంటే, ఆ సమయంలో చేయదగిన మరొక పని నేర్పడం ఫలవంతం.

మలమూత్ర విసర్జన

రెండు నెలల కూన రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత, మధ్యలో రెండు గంటలకొకసారి నిర్ణయించిన చోటికి తీసుకువెళ్లాలి. పై అంతస్తులలో ఉండేవారు లిఫ్టులో కూనను ఎత్తుకొని వెళ్లడం క్షేమం. టీకాలు పూర్తికాని కూనకు బాల్కనీలో గానీ స్నానాల గదిలో గానీ వార్తాపత్రికలు పరచిన చోటు కేటాయించవచ్చు. పని పూర్తవుతుండగా ‘టిక్’, అక్కడికక్కడే తిండి. ఇంట్లోకి తెచ్చాక ఇస్తే, ఇంట్లోకి రావడానికే బహుమానం దక్కినట్లవుతుంది.

నేల మీద పొరపాటు జరిగితే ముక్కును అందులో రుద్దడం, వార్తాపత్రికతో కొట్టడం నిష్ఫలం. యజమాని కళ్ల ఎదుట ఆ పని చేయరాదని మాత్రమే కూన నేర్చుకొని, తరువాత మంచం కిందికి వెళ్లి కానిస్తుంది. మౌనంగా శుభ్రపరచి, తీసుకువెళ్లే వేళలను మరింత దగ్గర చేయాలి. అమ్మోనియా వాసన గల ద్రావణాలు వాడరాదు. మూత్రాన్ని పోలిన ఆ వాసనకు కూన తిరిగి అక్కడికే వస్తుంది.

పంటిగాట్లు

నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. ఆ దురదకు చీరకొంగు, లుంగీ అంచు, చేతివేళ్లు అన్నీ కూనకు కొరికే వస్తువులే. చేయి లాక్కుంటే ఆట అనుకొని మరింత వెంటపడుతుంది. పళ్లు తగిలిన వెంటనే చేతిని కదలనీయక, మాట్లాడక, ఆట ఆపాలి. నోరు వదలగానే ‘టిక్’ అనిపించి, కొరకదగిన బొమ్మను గానీ చల్లని క్యారెట్‌ను గానీ అందించాలి. పరుగెత్తే పిల్లల కాళ్ల వెంట కూన పడుతుంది కనుక, పెద్దలు దగ్గర లేకుండా పసిపిల్లలనూ కూననూ కలిపి వదలరాదు.

లోక పరిచయం

మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు కూన మనసు కొత్తవాటిని సులభంగా స్వీకరిస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. టీకాలు పూర్తయ్యేవరకు నేల మీద విడువక చేతులలో ఎత్తుకొని లోకాన్ని చూపాలి. హెల్మెట్ ధరించినవారు, గొడుగు పట్టినవారు, చీపురుతో వీధి ఊడ్చేవారు, చేతికర్రతో నడిచే వృద్ధులు, ఆటోలు, ప్రెషర్ కుక్కర్ ఈల, గుడిగంట. దూరం నుంచి చూసి కూన ప్రశాంతంగా ఉన్నప్పుడే ‘టిక్’, తిండి. అది బెదిరితే ఇంకా దూరం జరగాలి. బలవంతంగా దగ్గరకు తీసుకుపోరాదు. దీపావళికి ముందే టపాసుల శబ్దాన్ని ఫోనులో అతి తక్కువ ధ్వనితో వినిపిస్తూ తిండి పెట్టి, రోజురోజుకూ కొద్దికొద్దిగా ధ్వని పెంచితే పండుగ రాత్రి భయం తగ్గుతుంది.

దండన ఎందుకు పనికిరాదు?

కర్ర లేనిదే కుక్క మాట వినదని నమ్మే పెద్దలు నేటికీ ఉన్నారు. కర్ర చూపితే కుక్క ఆగుతుందనడం నిజమే. కానీ ఏమి చేయాలో అది నేర్చుకోదు. కర్ర పట్టినవారు లేనప్పుడు పాత అలవాటు తిరిగి వస్తుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. తింటున్నప్పుడు పసివాడు దగ్గరకు వస్తే కూన గుర్రుమన్నదని కొడితే, అది ఆ హెచ్చరిక ఇవ్వడం మానుకుంటుంది. పసివాడంటే దానికి గల భయం మాత్రం పోదు, మరింత పెరుగుతుంది. ఒకనాడు ఏ సూచనా లేకుండా కరుస్తుంది. ‘నిన్నటిదాకా నోరెత్తని కుక్క ఉన్నట్టుండి కరిచింది’ అని వినిపించే కథలలో కొన్నింటి వెనుక ఇటువంటి దెబ్బలు ఉంటాయి. గుర్రుమన్నప్పుడు పసివాడిని దూరంగా తీసుకుపోవాలి. తరువాతి రోజుల్లో పెద్దవారు తినే పళ్లెం దగ్గరగా నడుస్తూ, మరింత రుచికరమైన ముక్కను అందులో వేస్తూ, మనిషి రాక మేలుకే అని నేర్పాలి. అప్పటికీ మార్పు రాకపోతే పశువైద్యుని సలహా తీసుకోవాలి.

ఇంటివారందరి ఒప్పందం

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన బెంగళూరు, చెన్నై వంటి నగరాలలో ఒకే ఇంట్లో మూడు భాషలు వినిపించడం సహజం. నాయనమ్మ ‘కూచోరా’ అంటుంది. బడికి వెళ్లే మనుమడు ‘సిట్’ అంటాడు. బెంగళూరు ఇంట్లో పనికి వచ్చే కన్నడ మహిళ ‘కూత్కో’ అంటుంది. మనుషులకు ఈ మూడూ ఒకటే. కూనకు మూడు వేర్వేరు శబ్దాలు. ఏ ఒక్కటీ నిలకడగా వినిపించక అది అయోమయంలో పడుతుంది. దానిని మొండితనంగా భావించి కసురుకోవడం అన్యాయం.

అందుచేత తొలి వారంలోనే ఇంటివారంతా కూర్చొని ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాట నిర్ణయించుకొని, కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. ఏ భాష మాటైనా సరే, అందరూ అదే వాడాలి. చేతిసైగలూ అందరివీ ఒకటిగా ఉండాలి. క్లిక్కర్ ఉపకారం ఇక్కడ మరింత కనబడుతుంది. అది ఏ భాషకూ చెందని శబ్దం. నాయనమ్మ చేతిలోనైనా మనుమడి చేతిలోనైనా దాని అర్థం మారదు. కోపతాపాలు అందులో ధ్వనించవు. సోఫా ఎక్కనీయరాదని తండ్రి, ఎక్కించుకొని ముద్దాడే కూతురు ఉన్న ఇంట్లో మాత్రం ఏ క్లిక్కరూ పనిచేయదు. నియమం ఏదైనా అందరికీ ఒకటే కావాలి.

పాఠం స్థిరపడిన తరువాత ప్రతిసారీ క్లిక్కర్ అవసరం లేదు. అప్పుడప్పుడు తిండి, తరచుగా మెప్పు, ఆట చాలు. కొత్త పని నేర్పవలసి వచ్చినప్పుడు మళ్లీ క్లిక్కర్ చేతికి తీసుకోవాలి.

చట్టం, పౌర బాధ్యత

2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు. తల్లి వద్ద, తోబుట్టువుల వద్ద గడపవలసిన కాలం అది. జంతువులను కొట్టి హింసించడం, ఎల్లప్పుడూ గొలుసుతో కట్టి వ్యాయామం లేకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు తెలుపుతున్నాయి. ఆ రక్షణకు తగిన బాధ్యత పెంచేవారిది. స్థానిక నగరపాలక సంస్థ నిబంధనల మేరకు కుక్కను నమోదు చేయించాలి. ఉమ్మడి స్థలాలలో పట్టీ లేకుండా వదలరాదు. మలాన్ని కాగితంతోనో సంచితోనో ఎత్తి తగినచోట పారవేయాలి. కుక్కలంటే భయపడేవారు లిఫ్టులో ఉంటే తరువాతి లిఫ్టుకు ఆగడం మర్యాద.

మూడు నెలలు నిండిన కూనకు రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు సూచించిన గడువులలో మళ్లీ వేయించాలి. ఏ కుక్క కరిచినా, గీరినా, అది సొంత కూనే అయినా, గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం వంటివి గాయానికి పూయరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

రోజుకు పదిహేను నిమిషాల ఓర్పు, గుప్పెడు తినుబండారాలు, ఇంటివారి ఏకమాట ఈ శిక్షణకు కావలసిన పెట్టుబడి. బెల్ మోగినప్పుడు చాప మీదికి వెళ్లి కూర్చునే కుక్క ఉన్న ఇంటి మీద ఫిర్యాదుకు అవకాశం తక్కువ; ఆ కుక్క గొలుసుకో వీధికో చేరవలసిన అవసరమూ రాదు.